మందతో పాటు ఇంటిని మోసేదెవరు?

గడ్డిఅన్నారం, దిల్‌సుఖ్‌నగర్ ప్రాంతంలో పుట్టి పెరిగిన పిల్లలకు గుర్రం కొత్త జంతువేమీ కాదు. పక్కనే మలక్‌పేట రేస్‌కోర్సు ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ హయాంలో, 1886లో, పందేలు మౌలాలి నుంచి అక్కడికి మారాయి. పెళ్లిళ్ల కాలం వస్తే ఎల్‌బీనగర్ ఫంక్షన్ హాళ్ల ముందు బ్యాండు మేళం మధ్య అలంకరించిన గుర్రం మీద పెళ్లికొడుకు కనబడతాడు. అందుకే నగరంలో పెరిగినవాళ్లకు స్వారీ అంటే పందెమో, ఊరేగింపో. పశువులను ఒక మేత నుంచి ఇంకో మేతకు తోలుకుపోయేవాళ్లకు మాత్రం స్వారీ అంటే వేరు. జ్వరంతో ఉన్న పిల్లవాణ్ణి కనుమ దాటించాలి, నడవలేని తల్లిని తర్వాతి మజిలీకి చేర్చాలి, వారానికి సరిపడే బియ్యం, గిన్నెలు, గొంగళ్లు మోయించాలి. ఈ పనికి హిమాలయాల్లో కంచర గాడిదను వాడతారు. మన దక్కన్‌లో శతాబ్దాల పాటు ఎద్దు ఆ పని చేసింది, గొర్రెలకాపర్లకు గాడిద చేసింది. ఈ మోసే జంతువు గురించి మనం పెద్దగా మాట్లాడుకోం. పశువుల వలస గురించి రాసినప్పుడల్లా మేత, నీళ్లు, అడవి, చట్టం అంటాం. అవన్నీ అవసరమే. కానీ కాపరి కుటుంబం కదలగలదా లేదా అన్నది చాలాసార్లు తేలేది వాళ్ల సామాను మోసే జంతువు దగ్గరే. ఆ జంతువు పోయిన చోట వలస కుంచించుకుపోతుంది, మంద ఒకేచోట చిక్కుకుపోతుంది, ఆ నేల అరిగిపోతుంది. అప్పుడు తప్పంతా కాపరి మీద పడుతుంది. ఈ వాదనకు ఆధారాలు మన నల్లమలలోనూ ఉన్నాయి, మన చరిత్రలోనూ ఉన్నాయి.

ముందు కంచర గాడిద సంగతి. మగ గాడిదకూ ఆడ గుర్రానికీ పుట్టే పిల్ల ఇది. గుర్రానికి 64 క్రోమోజోములు, గాడిదకు 62, దీనికి 63. ఆ బేసి సంఖ్య వల్ల దాదాపుగా దీనికి సంతానం కలగదు. గుర్రం నుంచి ఒడ్డూ పొడుగూ బలమూ వస్తాయి. గాడిద నుంచి ఓర్పు, గట్టి డెక్క, తక్కువ మేతతో బతికే గుణం వస్తాయి. డెక్కలు సన్నగా, నిటారుగా ఉంటాయి కాబట్టి ఒకరు మాత్రమే పట్టే కొండదారిలో కూడా అడుగు చూసుకుని వేస్తుంది. ప్రమాదం అనిపిస్తే ఆగిపోతుంది, కొట్టినా కదలదు. దీన్నే జనం మొండితనం అంటారు. లోయ అంచున నడిచేవాడికి మాత్రం ఆ మొండితనమే ప్రాణరక్ష. జమ్మూ కశ్మీర్‌లో గుజ్జర్, బకర్వాల్ కుటుంబాలు ఎండాకాలం మొదలవుతుండగానే మైదానాల నుంచి ఎత్తైన పచ్చికబయళ్లకు బయలుదేరుతాయి, చలికి ముందు దిగి వస్తాయి. ఉత్తరాఖండ్‌లో వన్ గుజ్జర్లు గేదెలతో ఇదే ప్రయాణం చేస్తారు. మంద వెంట నడిచేవాళ్లు నడుస్తూనే ఉంటారు. గుర్రాల మీద, కంచర గాడిదల మీద డేరా గుడ్డలు, పాత్రలు, ధాన్యం ఉంటాయి. ఆ మూటల పైన చంటిపిల్లలు, ముసలివాళ్లు కూర్చుంటారు. అక్కడ స్వారీ యజమాని దర్జా కోసం కాదు, ఇంట్లో అందరికంటే బలహీనుల కోసం. ఈ చిన్న ఏర్పాటు వల్లే కుటుంబం మొత్తం కదలగలుగుతుంది. అది లేకపోతే ముసలివాళ్లూ బాలింతలూ కింద ఉండిపోతారు, వలస కొందరు మగవాళ్ల ఉద్యోగంగా మారిపోతుంది.

మరి దక్కన్‌లో కంచర గాడిద ఎందుకు కుదురుకోలేదు? కారణం దాని పుట్టుకలోనే ఉంది. అది తనంతట తాను పిల్లల్ని కనదు. ప్రతి తరానికీ మళ్లీ ఒక మంచి ఆడ గుర్రం, ఒక మంచి మగ గాడిద కావాలి. గుర్రాలు పెంచుకునే మేత, తీరిక, డబ్బు ఉన్న చోటే అది చవకగా దొరుకుతుంది. పాలమూరు, నల్లగొండ వంటి మెట్ట ప్రాంతాల్లో, వాన తక్కువగా కురిసే చోట, పేద కాపరికి గుర్రం పోషించే స్తోమత ఎక్కడిది? దానికి బదులు మన పశుపాలకులు చాలా తెలివైన దారి పట్టారు. బరువు మోసే జంతువును వేరే తెచ్చుకోకుండా మందలోంచే తీసుకున్నారు. ఆవు కన్న కోడెను విత్తుకొట్టి ఎద్దుగా మారిస్తే అదే మోతకు వచ్చింది. దానికి ప్రత్యేకంగా మేత కొననక్కర్లేదు, మందతో పాటే మేస్తుంది. మందతో పాటే నెమరేస్తుంది, మంద నడిచిన వేగంతోనే నడుస్తుంది. చీలిన గిట్టలున్న జంతువు రాతి కొండల్లో కంచర గాడిద అంత నేర్పుగా నడవలేదన్నది నిజమే. కానీ దక్కన్ గుట్టలు హిమాలయాలు కావు. ఇక్కడి నేలకూ, ఇక్కడి పేదరికానికీ ఎద్దే సరిపోయింది.

ఎంతగా సరిపోయిందో తెలియాలంటే లంబాడాల చరిత్ర చూడాలి. 17వ శతాబ్దంలో గోల్కొండ వజ్రాల కోసం వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే పదివేలు, పన్నెండు వేల ఎద్దులతో సాగే బిడారుల గురించి రాశాడు. బియ్యం, గోధుమలు, జొన్నలు, ఉప్పు వాటి వీపుల మీద గోనెల్లో దేశం ఈ చివర నుంచి ఆ చివరకు కదిలేవి. షాజహాన్ మంత్రి ఆసఫ్ ఖాన్ 1630 ప్రాంతంలో దక్కన్ మీదికి దండెత్తినప్పుడు భంగీ, జంగీ అనే నాయకులు లక్షా ఎనభై వేల ఎద్దులతో సైన్యానికి ధాన్యం చేర్చారని లంబాడాల సంప్రదాయం చెబుతుంది. ఆ సంఖ్యను ఎంత తగ్గించి చదువుకున్నా, తర్వాతి కాలంలో రాతపూర్వక ఆధారాలు గట్టిగానే ఉన్నాయి. 1791–92లో శ్రీరంగపట్నం మీదికి వెళ్లిన కారన్‌వాలిస్ సైన్యానికీ, 1803లో మరాఠాల మీద పోరాడిన వెల్లెస్లీ సైన్యానికీ తిండి మోసింది లంబాడా బిడారులే. బిడారు రోజుకు పది పన్నెండు కిలోమీటర్లకు మించి నడిచేది కాదు. నెమ్మదే, కానీ ఆ నెమ్మదిలోనే లాభం ఉంది. ఎద్దులు దారి పొడవునా మేస్తూ పోయేవి, అంటే రవాణాకు ఇంధనం ఉచితం. ఆడవాళ్లు, పిల్లలు, కోళ్లు, కుక్కలు, మొత్తం తండా మంద వెంటే ఉండేది. పశుపోషణ, రవాణా, వ్యాపారం మూడూ ఒకే జీవితంలో కలిసి ఉన్నాయి.

దాన్ని చెడగొట్టింది గడ్డి కొరత కాదు, రైలు. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు పట్టాలు పడ్డాయి. 1889 నాటికి ఆ లైను బెజవాడతో కలిసింది. వేల గోనెల ఉప్పును రైలు ఒక్కరోజులో చేర్చేస్తుంటే ఎద్దు వీపు మీద గోనెకు అద్దె ఎవరిస్తారు? మోత పని పోయింది కాబట్టి వేల ఎద్దులు పెట్టుకుని తిరగాల్సిన అవసరం పోయింది. ఆ పైన తెల్లదొరల ప్రభుత్వం 1871 నుంచి నేరస్థ తెగల చట్టం పేరుతో తిరిగే జనాల మీద నిఘా పెట్టింది. లంబాడాలు అడవి అంచుల్లో, గుట్టల కింద తండాలుగా స్థిరపడ్డారు. వాళ్ల దగ్గర ఆవులు మిగిలాయి, మేత కోసం అడవిలోకి వెళ్లే అలవాటు మిగిలింది, బిడారు మాత్రం మాయమైంది. మోసే పని పోయినంత మాత్రాన పశువులు పోలేదు గానీ, అవి తిరిగే విస్తీర్ణం మాత్రం ఒక జీవితకాలంలోనే దేశమంత వెడల్పు నుంచి ఒక అడవి అంత వెడల్పుకు వచ్చేసింది.

ఆ మిగిలిన దానికి ఈనాటి సజీవ ఉదాహరణ నాగర్‌కర్నూల్ జిల్లాలో, అమ్రాబాద్ పీఠభూమి మీద ఉంది. అక్కడి పొడ తూర్పు ఆవులను కర్నాల్‌లోని జాతీయ జంతు జన్యు వనరుల సంస్థ 2020లో ప్రత్యేక జాతిగా నమోదు చేసింది. తెల్లటి ఒంటి మీద గోధుమ లేదా ఎర్రటి మచ్చలు, కొన్నిటికి గోధుమ ఒంటి మీద తెల్ల మచ్చలు, అందుకే పొడ. పడమటి వైపు, కర్ణాటక దాకా, రైతులు వీటిని తూర్పు నుంచి వచ్చిన ఎద్దులుగా కొనేవాళ్లు. వీటిని మేపేవాళ్లలో లంబాడాలు ముఖ్యులు. పాలు తక్కువే, ఒక ఆవు రోజుకు రెండు మూడు లీటర్లు ఇస్తే గొప్ప. ఆ పాలు చాలావరకు దూడకే. ఆదాయమంతా కోడెదూడల్లో ఉంటుంది. కార్తీక మాసంలో జరిగే కురుమూర్తి జాతరలో వాటి బేరాలు సాగుతాయి. బండరాళ్ల నేలలో దుక్కి దున్నడానికి, ఎండకు తట్టుకోవడానికి, దాణా లేకుండా గడ్డి మీదే బతకడానికి ఈ జాతికి పెట్టింది పేరు. ఆ గుణాలు కొట్టంలో కట్టేసి పెంచితే వచ్చినవి కావు. ఎన్నో తరాలు నల్లమల లోపల తిరిగి, రాళ్లెక్కి, వాగులు దాటి, పులి వాసన పసిగట్టి బతికిన ఆవుల నుంచి వచ్చినవి.

ఆ తిరగడం వెనక లెక్క ఉంది. జూన్‌లో వానలు పడగానే ఊరి చుట్టూ పొలాల్లో పైరు ఉంటుంది, మందను అక్కడ ఉంచితే పంట మేస్తుంది. అప్పుడే అడవిలో గడ్డి చిగురిస్తుంది కాబట్టి మంద లోపలికి పోతుంది. కోతలయ్యాక పొలాల్లో కొయ్యకాళ్లు, జొన్న చొప్ప ముక్కలు ఉంటాయి. రైతుకు పేడ కావాలి, ఆవుకు మేత కావాలి, కాబట్టి మంద పొలాల్లో పండుకుంటుంది. ఎండలు ముదిరి పైన గడ్డి మాడిపోయాక, నీళ్లు మిగిలిన వాగులు, కృష్ణ ఒడ్డు, శ్రీశైలం జలాశయం దిగిపోయినప్పుడు బయటపడే ఒండ్రు నేల మిగులుతాయి. ఏ నెలలో ఏ చోటికి అన్నది కాపరికి నోటి లెక్క. మరి నల్లమల కాపరి కంచర గాడిద ఎక్కి ఎందుకు తిరగడు? ఒకటి, మేస్తూ నడిచే ఆవు మనిషి నడక కంటే వేగంగా పోదు. రెండు, ముళ్లకంపలూ వంగిన కొమ్మలూ ఉన్న అడవిలో జీను మీద కూర్చున్నవాడికి ముఖం గీసుకుపోతుంది. నేల మీద నడిచేవాడికి డెక్కల గుర్తులు, పేడ తడి, తప్పిపోయిన దూడ జాడ కనబడతాయి. మూడు, అతనికి ఆ జంతువును కొనే డబ్బు లేదు. అంటే స్వారీ అక్కడ అవసరం లేదు, మోత మాత్రం అవసరమే. బియ్యం, ఉప్పుకారాలు, రాత్రి కప్పుకునే గొంగడి ఎవరో ఒకరు ఊరి నుంచి మోసుకుపోవాలి. ఆ మోత మనిషి భుజం మీద పడినప్పుడు కుటుంబం వెంట రాదు. ఇద్దరు ముగ్గురు మగవాళ్లే పోతారు, వాళ్ల బియ్యం ఎన్ని రోజులకు సరిపోతుందో అన్ని రోజుల దూరమే పోతారు.

ఏ జంతువు ఎంత మోయగలదన్న తేడాను భారతదేశ చట్టం అంకెల్లో చెప్పింది. 1965లో వచ్చిన మోత జంతువుల హింస నివారణ నిబంధనలు ఏ జంతువు మీద గరిష్ఠంగా ఎంత బరువు వేయొచ్చో నిర్ణయించాయి. కంచర గాడిద మీద 200 కిలోలు, పెద్ద ఎద్దు మీద 175, మధ్యరకం ఎద్దు మీద 150, టట్టు మీద 70, గాడిద మీద 50. రోజు మొత్తం మీద తొమ్మిది గంటలకు మించి పని చేయించకూడదు, ఐదు గంటలకోసారి విశ్రాంతి ఇవ్వాలి, 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా వాడకూడదు. చట్టం మాట ప్రకారమే ఒక కంచర గాడిద నాలుగు గాడిదల బరువు మోయగలదు. ఒక మధ్యరకం ఎద్దు మూడు గాడిదలతో సమానం. గొల్ల, కురుమ కాపర్లకు ఎద్దు మంద లేదు కాబట్టి, గొర్రె మోయలేదు కాబట్టి, వాళ్లకు గాడిదే దిక్కయింది. వల, కర్రలు, వంటసామాను, అప్పుడే పుట్టిన గొర్రెపిల్లలు దాని మీదే పోతాయి. ఈనిన రోజున గొర్రెపిల్ల నడవలేదు, మంద ఆగలేదు. ఆ పిల్లను మోసే వీపు ఉంటేనే మంద సాగుతుంది.

ఆ వీపులు ఎంత వేగంగా తగ్గిపోతున్నాయో 2019 నాటి 20వ పశుగణన చూస్తే గుండె కలుక్కుమంటుంది. దేశం మొత్తం మీద గాడిదలు లక్షా ఇరవై వేల చుట్టూ మిగిలాయి. 2012తో పోలిస్తే 61 శాతం తగ్గుదల ఇది. కంచర గాడిదలు 57 శాతం తగ్గి 84 వేల చుట్టూ నిలిచాయి. గుర్రాలు, టట్టులు 45 శాతానికి పైగా తగ్గాయి. ఏడేళ్లలో ఇంతగా కూలిపోయిన పెంపుడు జంతువులు మరేవీ లేవు. కారణాలు చాలా ఉన్నాయి. ఇటుక బట్టీలకు ట్రాక్టర్లు వచ్చాయి, బట్టలు మోసే పని ఆటోలకు పోయింది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని జిల్లాల్లో మాంసం కోసం దొంగచాటుగా గాడిదల్ని కోస్తున్నారని ఏళ్లుగా ఫిర్యాదులున్నాయి. ప్రపంచం మొత్తం మీద చైనాలో వాడే గాడిద తోలు మందు కోసం పెద్ద వ్యాపారం నడుస్తోంది. అది ఎంత ముదిరిందంటే ఆఫ్రికా దేశాల కూటమి 2024 ఫిబ్రవరిలో తోలు కోసం గాడిదల్ని చంపడాన్ని 15 ఏళ్ల పాటు నిషేధించింది. ఇవన్నీ వేర్వేరు కథల్లా కనబడతాయి. కానీ పశువులతో తిరిగే కుటుంబం వైపు నుంచి చూస్తే ఇది ఒకటే కథ. సంతలో గాడిద ధర పెరిగింది, దొరకడం తగ్గింది.

దీనికి సహజంగా వచ్చే మొదటి అభ్యంతరం: గాడిద పోతే పోనీ, టాటా ఏస్ ఉంది కదా? వాహనం వేగంగా పోతుంది, అలసిపోదు, కాపరికి మొబైల్ ఉంది, ఎక్కడ వాన పడిందో ఫోన్లోనే తెలుస్తుంది. ఇందులో కొంత నిజం ఉంది, దాన్ని కాదనడం న్యాయం కాదు. పాలమూరు నుంచి కృష్ణా, గుంటూరు వరిచేల దాకా గొర్రెల్ని లారీల్లో దించే కాపర్లు ఉన్నారు, అది వాళ్ల శ్రమను తగ్గించింది. అయితే బండి రోడ్డున్న చోటికే పోతుంది. మేత రోడ్డు పక్కన ఉండదు. ఉన్నా అక్కడికి అన్ని బండ్లూ వస్తాయి, అన్ని మందలూ దిగుతాయి. జంతువు మీద సామాను పెట్టుకున్న కాపరి రోడ్డుకు దూరంగా ఉన్న గుట్టకు, వాగుకు పోగలడు. బండి మీద ఆధారపడ్డవాడు రోడ్డుకు రెండు కిలోమీటర్ల లోపే ఆగిపోతాడు. అడవి మధ్యలో మేత ముదిరి ఎండిపోతుంటే అడవి అంచు మాత్రం నేల కనబడేదాకా మేసి ఉండడానికి ఇదొక ముఖ్య కారణం. పైగా లారీకి అద్దె ముందే చెల్లించాలి, కాబట్టి చిన్న మంద ఉన్నవాడు కదలలేడు. వలస పెద్ద మందలవాళ్ల చేతికి పోతుంది.

రెండో అభ్యంతరం బలమైనది: పులుల అడవిలో పశువులకు ఏం పని? 1983లో నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం ఏర్పడింది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ వైపు భాగం 2,611 చదరపు కిలోమీటర్లతో అమ్రాబాద్ పులుల అభయారణ్యం అయింది. పశువుల నుంచి అడవి దున్నలకు, జింకలకు గాలికుంటు వంటి రోగాలు పాకొచ్చు. కొత్త చిగురు కోసం ఎవరైనా నిప్పు పెడితే అది ఎంత దూరమైనా పోతుంది. పులి ఆవును చంపితే కోపంతో ఎవరో కళేబరానికి విషం పూయొచ్చు. ఈ భయాలను తేలిగ్గా కొట్టిపారేయకూడదు. టీకాలు తప్పనిసరి చేయడం, నిప్పుకు కఠినంగా అడ్డుకట్ట, నష్టపరిహారం వారాల్లోనే చేతికి అందేలా చూడడం, పులులు పిల్లలు పెట్టే చోట్లకు మందలు పోకుండా కాపర్లతోనే ఒప్పందం చేసుకోవడం చేయాల్సిన పనులే. కానీ పశువును అడవి నుంచి పూర్తిగా వెళ్లగొడితే అడవికి మేలే జరుగుతుందన్న నమ్మకానికి ఆధారం అంత గట్టిగా లేదు. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ కేవలాదేవ్ పక్షుల ఉద్యానంలో 1982లో గేదెల మేతను నిషేధించారు. అడ్డుకున్న పల్లెజనం మీద కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ ఏళ్ల తరబడి చేసిన అధ్యయనంలో తేలినదేమిటంటే, గేదెలు మేయకపోయేసరికి ఒక రకం నీటిగడ్డి చెరువులను కమ్మేసింది, నీటిపక్షులకు మేత దొరికే చోటు తగ్గిపోయింది. నల్లమల భరత్‌పూర్ కాదు, అక్కడి తీర్పును ఇక్కడికి అలాగే తేలేం. అయినా ఒక్కో అడవికి పరిశీలించి నిర్ణయించాలన్న పాఠం మాత్రం ఇక్కడికీ వర్తిస్తుంది. తమిళనాడులో మద్రాసు హైకోర్టు 2022 మార్చిలో అడవులన్నిటిలో పశువుల మేతను నిషేధించి, తర్వాత దాన్ని జాతీయ ఉద్యానాలు, అభయారణ్యాలు, పులుల అభయారణ్యాలకు పరిమితం చేసింది. అన్ని అడవులూ ఒకటే అనుకుని తీర్పు చెబితే ఎక్కడో ఒకచోట వెనక్కి తగ్గాల్సి వస్తుంది.

ఇంకో వాదన ఉంది, అది మర్యాదగా వినిపిస్తుంది గానీ లోపల చాలా పెద్ద నిర్ణయం దాగి ఉంది. తిరగడం మానేసి కొట్టాల్లో పాల ఆవులు పెంచుకోమనండి, పిల్లలు బడికి పోతారు, ఆదాయం పెరుగుతుంది అంటారు. బడి విషయంలో ఎవరికీ భిన్నాభిప్రాయం ఉండకూడదు. ఏ పశువు కోసమూ పిల్లల చదువు ఆగిపోకూడదు. అందుకు తండాల దగ్గర హాస్టళ్లు, వలస కాలానికి తగిన బడి ఏర్పాట్లు కావాలి. దేశంలో చాలా చోట్ల అవి నడుస్తున్నాయి కూడా. పాల సంగతి వేరు. సంకరజాతి ఆవుకు పచ్చిమేత, దాణా, నీళ్లు, నీడ, డాక్టరు కావాలి. గడ్డి కూడా దొరకని ఎండాకాలంలో, బోరు ఎండిన ఊళ్లో, ఆ ఆవు అప్పుగా మారుతుంది. పొడ తూర్పు ఆవుకు మనిషి మేత పండించి పెట్టనక్కర్లేదు, మనిషి తినలేని అడవి గడ్డిని అది ఎద్దుగా, పేడగా మారుస్తుంది. నీళ్లున్న ఊళ్లో పాల ఆవు ఉండొచ్చు, మెట్ట అడవి అంచున తిరిగే మంద ఉండొచ్చు. ఒకదానికోసం ఇంకోదాన్ని చంపుకోవాల్సిన పని లేదు. ట్రాక్టర్లు వచ్చాక ఎద్దుకు గిరాకీ తగ్గిన మాట మాత్రం వాస్తవం. ఈ జాతి భవిష్యత్తుకు నాకు కనబడే అతిపెద్ద ప్రశ్న అదే. దానికి అడవిని మూసేయడం జవాబు కాలేదు. చిన్న కమతాల రైతుకు ఎద్దు అరక ఇంకా లాభమయ్యేలా, పేడకు ధర వచ్చేలా చూడడమే జవాబు.

తెలంగాణలో ప్రభుత్వం పశుపాలకుల మీద డబ్బు పెట్టలేదని అనలేం. 2017లో మొదలైన గొర్రెల పంపిణీలో 75 శాతం రాయితీతో ఒక్కో యూనిట్‌కు ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చారు. యూనిట్ ఖరీదు మొదట్లో 1,25,000 రూపాయలు. లెక్క గొర్రె మీదే ఆగింది. అవి ఏ దారిన నడవాలి, ఎక్కడ మేయాలి, ఈనిన పిల్లను ఎవరు మోయాలి అన్నవి పథకంలోకి రాలేదు. నిజాం కాలం నుంచి ప్రతి ఊరికీ కంచె, బంచరాయి, గైరాన్ పేర్లతో ఉమ్మడి మేత భూములు ఉండేవి. ఒక్కొక్కటే పట్టా అయ్యాయి, ప్లాట్లయ్యాయి. పొరుగున కర్ణాటక కథ ఇంకా స్పష్టంగా ఉంటుంది. మైసూరు రాజులు మొదలుపెట్టి, హైదర్ అలీ, టిప్పు సుల్తాన్ పెంచిన అమృత్ మహల్ పశువుల కోసం రాజ్యమే కావల్ అనే మేత భూములను కేటాయించింది. వేసవి కావల్, వానాకాలపు కావల్, చలికాలపు కావల్ అని విడివిడిగా పెట్టి, ఋతువును బట్టి మందలను తిప్పింది. అంటే మందను తిప్పడం వెనుకబడినవాళ్ల అలవాటు అనుకోవడం తప్పు. అది ఒక రాజ్యం ఖర్చు పెట్టి నడిపిన శాస్త్రం. మన అనంతపురం సరిహద్దుకు దగ్గర్లోనే చల్లకెరె వద్ద ఆ కావల్ భూములను పరిశోధన, రక్షణ సంస్థలకు కేటాయించారు. 400 ఎకరాల కంచ గచ్చిబౌలి మీద 2025లో జరిగిన గొడవ మనకు తెలిసిందే. అక్కడ చెట్ల గురించి, జింకల గురించి జనం మాట్లాడారు, మాట్లాడవలసిందే. ఆ పేరులోనే ఉన్న కంచె ఒకప్పుడు ఎవరి పశువుల మేత అన్నది మాత్రం ఎవరి నోటా పెద్దగా వినబడలేదు.

గడ్డిఅన్నారం కూడా ఈ లెక్కలో భాగమే. 2007లో జీహెచ్‌ఎంసీలో కలిసేదాకా అది వేరే మున్సిపాలిటీ. ఆ తర్వాత నగరం తూర్పుకు పోయింది, ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది. 158 కిలోమీటర్ల ఆ రోడ్డు పొడవునా కంచె ఉంటుంది, మనుషులకూ పశువులకూ ప్రవేశం లేదు. వంతెన కింద దారి ఎక్కడ ఉందో అక్కడే మంద దాటాలి. విజయవాడ హైవే, సాగర్ రోడ్డు వెడల్పయ్యాక వాటిని అడ్డంగా దాటడం మందకూ కాపరికీ ప్రాణాపాయమైంది. రోడ్లు వద్దనడం నా ఉద్దేశం కాదు. కొత్త రోడ్డు గీసేటప్పుడు ఏనుగుల కోసం, పులుల కోసం దారి వదలాలని ఇప్పుడు ఇంజినీర్లు కూడా ఒప్పుకుంటున్నారు. అదే పటం మీద మంద దారి కూడా గీయొచ్చు. 2021లో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టును బాటసింగారానికి తరలించినప్పుడు వ్యాపారులు, హమాలీలు ఎంత ఆందోళన పడ్డారో ఈ ప్రాంతంవాళ్లకు గుర్తుంది. సరుకు ఎటు నుంచి ఎటు పోతుందన్నదే కొందరి బతుకు. కాపరిది కూడా అలాంటి బతుకే, తరలింపు నోటీసు మాత్రం అతనికి ఎవరూ ఇవ్వరు.

పశువులతో తిరగడం కాపరి హక్కేనని చట్టం నిజానికి ఎప్పుడో ఒప్పుకుంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం మూడో సెక్షన్, స్థిరంగా ఉండి మేపుకునేవాళ్లకూ, వలస వెళ్లి మేపుకునేవాళ్లకూ మేత హక్కు ఉందని, సంచార పశుపాలకులకు ఋతువును బట్టి వనరులను వాడుకునే హక్కు ఉందని స్పష్టంగా రాసింది. యునెస్కో 2019లో ఆస్ట్రియా, గ్రీస్, ఇటలీల్లో పశువులను కాలానుగుణంగా తోలుకుపోయే ఆచారాన్ని మానవాళి వారసత్వంగా గుర్తించి, 2023లో ఆ జాబితాను పది దేశాలకు విస్తరించింది. ఐక్యరాజ్యసమితి 2026ను పచ్చికబయళ్ల, పశుపాలకుల సంవత్సరంగా ప్రకటించింది. ఐరోపాలో పండుగ చేసుకునే పనిని ఇక్కడ ఆక్రమణ అనడం నాకు బాధ కలిగిస్తుంది. 2024 అక్టోబరులో మొదలైన 21వ పశుగణన తొలిసారిగా సంచార పశుపాలకుల వివరాలు కూడా సేకరించేలా రూపొందింది. ఆ వివరాలు వచ్చాక తెలంగాణ పశుసంవర్ధక శాఖ, అటవీ శాఖ కలిసి చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. ఏ తండా, ఏ గొల్లవాడ దగ్గర ఎన్ని మోత జంతువులు మిగిలాయో గుర్తించాలి. గొర్రెకిచ్చినట్టే గాడిదకూ, మోత ఎద్దుకూ రాయితీ ఇవ్వాలి. డెక్కలకు, వీపు పుండ్లకు వైద్యం చేయగల డాక్టర్లను సంతల్లో కూర్చోబెట్టాలి. అమ్రాబాద్‌లో ఏ నెలలో ఏ వాగు దాకా మంద పోవచ్చో కాపర్లతో కూర్చుని రాసుకుని, ఆ దారులను రెవెన్యూ పటాల్లో ఎక్కించాలి. ఈ చివరి పని ఒక సర్వేయరు, ఒక ఫారెస్టు బీట్ ఆఫీసరు, ముగ్గురు నలుగురు పెద్ద కాపర్లు కలిస్తే ఒక వేసవిలో అయ్యే పని.